కవి సభలో పృచ్ఛకుడెవరు?

ఉగాదినాడు కవి సమ్మేళనం జరగని పట్టణం తెలుగునేలమీద అరుదు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు జయంతి, సెప్టెంబరు 9న కాళోజీ నారాయణరావు జయంతి భాషా దినోత్సవాలుగా జరుగుతున్నవి. ఇవిగాక గ్రంథాలయాలు, సాహితీ సంస్థలు జరిపే సభలు ఉండనే ఉన్నవి. ఆహ్వానపత్రికలో కవుల పేర్లు వరుసగా అచ్చుపడతాయి. వేదికమీద శాలువలు, పూలదండలు, జ్ఞాపికలు. ఎదుట ఆ ఊరి పాఠశాలల పిల్లలు బారులు తీరి కూర్చుంటారు. వారు అల్లరి చేయకుండా ఒక ఉపాధ్యాయుడు ప్రక్కన నిలబడి ఉంటాడు. సభ ముగియగానే పిల్లలు చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. వేదికమీది కవులలో ఒక్కరి పద్యమైనా, గేయమైనా ఆ పిల్లలు అంతకుముందు చదివి ఉన్నారా అని అడిగేవారు లేరు.

సభలు మితిమీరినవని కొందరి ఫిర్యాదు. దానిలో పస లేదు. ఊరిలో కవికి నలుగురి ఎదుట నిలిచి చదివే అవకాశం ఉండడం మంచిదే. లోపం సభల సంఖ్యలో లేదు. సభలో శ్రోతకిచ్చిన స్థానంలో ఉన్నది. కవికి వేదిక, శ్రోతకు కుర్చీ. ఒకరిది మాట, మరొకరిది మౌనం. ఈ ఏర్పాటు తెలుగువారికి తాతల నాటినుండి వచ్చినది కాదు.

అవధాన సభను తలచుకుంటే ఈ సంగతి తెలుస్తుంది. అష్టావధానంలో అవధాని ఒక్కడు. చుట్టూ పృచ్ఛకులు ఎనిమిదిమంది. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు కొన్ని పదాలిచ్చి వాటిని పద్యంలో పొదగమంటారు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని వేయబోయే అక్షరాన్ని ఊహించి అడ్డు తగులుతాడు. అప్రస్తుత ప్రసంగి హాస్యోక్తులతో ఆయన ఏకాగ్రతను చెదరగొట్ట చూస్తాడు. ఇన్నింటినీ తట్టుకొని, కడపట అవధాని పద్యాలన్నీ ధారణతో అప్పగించవలెను. తిరుపతి వేంకట కవులు సంస్థానాలలోను, పట్టణాలలోను ఈ విద్యను ప్రదర్శించి జనసామాన్యానికి దానిపై ఆసక్తి కలిగించారు. అవధాన పద్యంలో కవిత్వమెంత, చమత్కారమెంత అన్న వివాదం పాతదే. దానిని ఎవరెట్లు తీర్చుకున్నా, ఆ సభ నిర్మాణంలోని ఒక విశేషం కాదనరానిది: అక్కడ చదువుకున్న శ్రోత కవితోపాటు వేదిక నెక్కుతాడు. అతడు అడగకపోతే సభ నడవదు. అడగవలెనంటే అతనికి ఛందస్సు తెలియవలెను, భాష తెలియవలెను. కవికెంత సాధన కావలెనో పృచ్ఛకునికీ కొంత సాధన కావలెను.

అయితే ఆ పాత సభను యథాతథంగా పునరుద్ధరించుమనడం న్యాయం కాదు. దాని తలుపులు అందరికీ తెరచి ఉండలేదు. గుర్రం జాషువా 1895లో వినుకొండలో జన్మించాడు. యువకుడుగా ఆ ఊరి అవధాన సభలో ఆయన తన పద్యాలు చదివితే, తక్కువ కులంవానిని సభలోనికి రానిచ్చినదెవరని కొందరు ఆక్షేపించి ఆయనను అవమానించారు. ఆనాటి పెద్దలు అడిగిన ప్రశ్న పద్యాన్ని గురించి కాదు, పుట్టుకను గురించి. తరువాత ఎంతో కాలానికి ఆ అవధాన విద్యకే పెద్దదిక్కయిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి నిండు సభలో స్వహస్తాలతో జాషువా పాదానికి గండపెండేరం తొడిగాడు. కవి ఒక్కడే. అవమానించిన సభ ఆయనలో కులాన్ని చూసినది; గౌరవించిన సభ ఆయన రచనను చూసినది. జాషువా స్వయంగా ఉపాధ్యాయుడు, గుంటూరులో చాలాకాలం పాఠాలు చెప్పినవాడు. ఆయన జయంతిని జరిపే పాఠశాల పటానికి దండవేసి ఊరుకుంటే, ఆ రెండు సభల మధ్యనున్న దూరం పిల్లలకు తెలియనే తెలియదు. 1941లో వెలువడిన "గబ్బిలం" తరగతిలో చదివి, ఒక దళితుడు తన మొర శివునికి విన్నవించుమని గబ్బిలాన్నే ఎందుకు వేడుకున్నాడని ఒక బాలుడు అడిగితే, అది పది దండల పెట్టు.

విద్యార్థులు అడిగిన ప్రశ్నకు ఎంత బలముంటుందో 1970 చెప్పినది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరిగినవి. రచయితలు పెక్కుమంది వచ్చారు. అప్పుడు విశాఖ విద్యార్థులు ఒక కరపత్రం వేసి, రచయితలు ఏ పక్షాన నిలుస్తారో చెప్పుమని నిలదీశారు. అదే ఏడు జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడడానికి ఆ ప్రశ్న ఒక ముఖ్య ప్రేరణ. ఆ సంఘం మార్గాన్ని అంగీకరించనివారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. కాని సన్మాన సభకు వచ్చిన రచయితలు విద్యార్థులకు జవాబు చెప్పవలసి వచ్చినదన్న మాట అందరూ అంగీకరింపవలసినదే. ఆ విద్యార్థులు కవులను చదివినవారు, చదివినందువల్లనే అడుగగలిగారు.

ఇక చేయవలసినది పెద్ద పని కాదు. సభకు నెలరోజుల ముందు, రాబోయే కవులలో ఒకరి పుస్తకాన్ని నిర్వాహకులు పాఠశాలకు పంపవలెను. శాలువల ఖర్చు కొంత తగ్గించుకుంటే కొన్ని ప్రతులు కొనవచ్చును. ఉపాధ్యాయుడు వారానికొక గంట ఆ పుస్తకానికి కేటాయించవలెను. పిల్లలు చదివి, తమకు తోచిన ప్రశ్నలు వ్రాయవలెను. ఈ మాటే ఎందుకు వేశారు? ఈ దృశ్యం చూసినదా, విన్నదా? ఈ పాదం వినడానికి బాగున్నది గాని అర్థం కాలేదే? ఇటువంటి ప్రశ్నలు చాలును. సభనాడు నలుగురు పిల్లలు పృచ్ఛకులై కవి ప్రక్కన కూర్చోవలెను. ఆ ఊరిలోనే వ్రాస్తూ, ఏ ఆహ్వానపత్రికకూ ఎక్కని కవి ఉంటే, మొదటి పుస్తకం ఆయనదే కావచ్చును.

పిల్లల ప్రశ్నకు కవి నొచ్చుకుంటాడని కొందరంటారు. సమస్యాపూరణానికి నొచ్చుకున్న అవధానిని ఎవరూ మెచ్చలేదు. తన పుస్తకాన్ని శ్రద్ధగా చదివి వచ్చిన బాలుని చూసి ఆనందించని కవి ఉంటే, ఆ కవికి శాలువ మాత్రం ఎందుకు? పరీక్షల ఒత్తిడిలో వ్యవధి లేదని మరికొందరంటారు. ఇది నిజమైన కష్టమే. కాని సభకు పిల్లలను తోలుకొనిపోయి సగం దినం కూర్చోబెట్టడానికి దొరికే వ్యవధి, నాలుగు గంటలు పుస్తకం చదివించడానికి దొరకదనడం పొసగదు. ప్రశ్నలు ఉపాధ్యాయుడే వ్రాసి పిల్లలచేత వల్లె వేయిస్తాడన్న భయమూ ఉన్నది. అట్లయితే ఇది మరొక తంతు అవుతుంది. తప్పులున్నా ప్రశ్న పిల్లవానిదిగానే ఉండనివ్వడం ఉపాధ్యాయుని బాధ్యత.

వచ్చే ఉగాదికి ఆహ్వానపత్రిక అచ్చువేయించేవారు కవుల పేర్ల క్రింద మరొక వరుస చేర్చవచ్చును: పృచ్ఛకులు, ఫలానా పాఠశాల విద్యార్థులు. ఆ వరుస నింపగల పాఠశాల ఉన్న ఊరిలో కవిత్వానికి చదువరుల కరవు ఉండదు.