తిన్న ఉప్పు ఎవరిది? భయం ఎక్కడ తయారవుతుంది?



ఈ వ్యాసాలు చదివే విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. “అన్నా, మన పిల్లలకు తెలివి ఉంది. కానీ నలుగురిలో నిలబడి మాట్లాడమంటే గొంతు పెగలదు. ఈ భయం ఎట్ల పోతది?”

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లో దీనికి రెడీమేడ్ జవాబు దొరుకుతుంది. ఒక పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసు పెడతారు. కోటు వేసుకున్న ఒకాయన వచ్చి “మైండ్‌సెట్ మార్చుకోండి, రోజూ అద్దం ముందు నిలబడి మాట్లాడండి” అని చెప్పి వెళ్లిపోతాడు. జబ్బూ నీలోనే ఉంది, మందూ నీలోనే ఉంది అన్నది ఆయన సిద్ధాంతం.

ఈ సిద్ధాంతం మన పిల్లల్ని మోసం చేస్తోంది. మనిషి లోపలి భయం, సిగ్గు, ధైర్యం, గర్వం ఇవన్నీ వాడలో, బడిలో, గుడి గడప దగ్గర, అప్పు కాగితంలో, పిలిచే పిలుపులో తయారవుతాయి. వాటిని తయారుచేసే సంస్థలను ముట్టుకోకుండా మనసును మాత్రం మార్చుకో అనడం, కుండ పగిలిపోయి ఉంటే నీళ్లు గట్టిగా పట్టుకోమన్నట్టు ఉంటుంది. రుజువు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఇబ్రహీంపట్నం తాలూకా చరిత్రలోనే ఉంది.

జీతం అనే మాట

ఇవాళ ఆదిబట్లలో ఉద్యోగం దొరికిన పిల్లవాణ్ని “జీతం ఎంత?” అంటే గర్వంగా చెబుతాడు. వాళ్ల తాతల కాలంలో ఇవే ఊళ్లలో “జీతం ఉన్నడు” అంటే అర్థం వేరు. పెళ్లికో, చావుకో, రోగానికో దొర దగ్గర తీసుకున్న అప్పు కింద ఒక మనిషిని, చాలాసార్లు ఒక పిల్లవాణ్ని, ఆ ఇంటికి కట్టేయడం. పొద్దుగాల కొట్టం ఊడ్చిన కాడినుంచి రాత్రి బావి కాడ కాపలా దాకా పని. లెక్క దొర దగ్గర, వేలిముద్ర మనది. తండ్రి అప్పు కొడుకు మెడకు.

ఒక మనిషిని ఏళ్ల తరబడి అట్లా నిలబెట్టింది ఏమిటి? గొలుసులు వేయలేదు. దెబ్బలు ఉన్నాయి, ఆకలి ఉంది, కానీ అవి మాత్రమే చాలవు. అసలు తాడు ఇంకొకటి ఉంది. “తిన్న ఉప్పుకు ద్రోహం చేయొద్దు” అనే నీతి. “మాట తప్పితే మనిషి కాదు” అనే నీతి. వినడానికి ఎంత మంచి మాటలు! ఎవరు ఎవరి ఉప్పు తింటున్నారో మాత్రం ఎవరూ అడగలేదు. దున్నింది జీతగాడు, కోసింది వాడి భార్య, పసులు కాసింది వాడి పిల్లలు. ఉప్పు మాత్రం దొరదట!

సంస్కృతి పనిచేసే తీరు ఇదే. దోపిడీని ఋణంగా మారుస్తుంది, ఋణాన్ని ధర్మంగా మారుస్తుంది. ఆ తర్వాత కాపలా అక్కర్లేదు. పారిపోవాలన్న ఆలోచన వచ్చినప్పుడు జీతగాడికి కోపానికి ముందు తప్పు చేస్తున్నానన్న భావన వస్తుంది. ఆ భావనను ఎవరో బయటనుంచి తెచ్చి లోపల పెట్టారు.

పిలుపు కూడా ఒక సంస్థే. పేరు పోచయ్య అయితే పిలిచేది పోచిగాడు. దొర ఇంట్లో పదేళ్ల పిల్లవాడు కూడా అరవై ఏళ్ల మనిషిని “ఏంరా” అనొచ్చు. ఆ అరవై ఏళ్ల మనిషి బదులుగా “నీ బాంచెన్” అనాలి. రోజుకు ఇరవైసార్లు, నలభై ఏళ్లపాటు ఈ రెండు మాటలూ నోట్లో నానితే రెండు మనసులు తయారవుతాయి. ఒకటి ఒదిగి ఉండే మనసు. ఇంకొకటి ఒంగిన వీపును చూసి అదే ప్రకృతి ధర్మం అనుకునే మనసు. మనం మొదటిదాని గురించే మాట్లాడతాం. రెండోది కూడా జబ్బే. దానికి మాత్రం ఎవరూ క్లాసులు పెట్టరు.

రుజువు చేయాల్సింది ఎవరు?

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టంలో 15వ సెక్షన్‌ను ప్రతి విద్యార్థీ చదవాలి. ఇది వెట్టి అప్పు అని కూలీ చెబితే, కాదు అని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత అప్పు ఇచ్చినవాడిదే. 1982లో ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని చెప్పింది.

కాగితం మీద చట్టం మనసును కదిలించదు. దాన్ని వాడలోకి తెచ్చేది సంఘం. 1980లలో ఇక్కడ ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం పనిచేసింది. వెట్టి విడుదల, కనీస కూలి, భూమి దాని పోరాటాలు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ గీతా రామస్వామి అందులో పనిచేశారు, 2022లో వచ్చిన తన ఆత్మకథలో ఆ కాలం గురించి రాశారు. ఎస్.ఆర్. శంకరన్ లాంటి ఐఏఎస్ అధికారి ప్రభుత్వంలో ఉండి వెట్టి విముక్తికి అండగా నిలిచారు. వాళ్ల పాత్రను గౌరవిద్దాం. కానీ దొర ఊళ్లోనే ఉంటూ, రేపు పని దొరకదని తెలిసీ దరఖాస్తు మీద వేలిముద్ర వేసిన మాదిగ కూలీ తెగింపే ఆ పోరాటానికి పునాది.

ఆ వేలిముద్ర ఏం చేసిందో ఆలోచించండి. నిన్నటిదాకా “నేను బాకీ ఉన్న” అనుకున్న మనిషి, ఇవాళ “నాకే బాకీ ఉన్నరు” అంటున్నాడు. వాడికి ఎవరూ మోటివేషన్ క్లాసు చెప్పలేదు. రుజువు భారం ఒక భుజం మీదనుంచి ఇంకో భుజం మీదికి మారింది. పక్కన సంఘం నిలబడింది. అప్పుడు నడుము దానంతటదే నిటారయింది.

మరి అంబేద్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో కులం ఒక మానసిక స్థితి అన్నాడు కదా అని కొందరు అడుగుతారు. అన్నాడు. కానీ అక్కడ ఆగలేదు. ఆ మానసిక స్థితికి పవిత్రతను ఇచ్చే శాస్త్రాల అధికారాన్ని కూల్చమన్నాడు. మనసులో ఉందని చెప్పి మనసుకే వదిలేయలేదు. దాన్ని పోషిస్తున్న సంస్థ వైపు వేలు చూపించాడు.

పిల్లల మనసు తప్పు చేయలేదు

కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఒక ప్రయోగం చేశారు. అగ్రకులాల అబ్బాయిలు 321 మంది, దళిత అబ్బాయిలు 321 మంది. కాగితం మీద దారి వెతికే పజిల్స్ ఇచ్చారు, పరిష్కరించినదాన్ని బట్టి డబ్బులు. ఎవరి కులం ఎవరికీ చెప్పనప్పుడు రెండు గుంపుల మధ్య తేడా కనబడలేదు. పేరు, ఊరు, కులం అందరి ముందు చదివి ఆ తర్వాత పజిల్స్ ఇచ్చినప్పుడు దళిత పిల్లల ఫలితం బాగా పడిపోయింది.

అదే పిల్లలు, అవే పజిల్స్. మధ్యలో వచ్చింది ఒక్క ప్రకటన.

ఇందులో చాలామంది వదిలేసే ముక్క ఒకటుంది. బహుమతిని మనుషుల చేతిలో కాకుండా లాటరీ మీద ఆధారపడేట్టు చేసినప్పుడు, కులం ప్రకటించినా ఆ తేడా మాయమైంది. నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ పిల్లల మెదడు దెబ్బతినలేదు. అది లెక్క వేసింది. నా కులం తెలిశాక ఈ మనుషులు నాకు న్యాయం చేయరు, ఇంకెందుకు కష్టపడటం అని. పుట్టినప్పటినుంచి చూసిన లోకాన్ని బట్టి అది సరైన లెక్కే. మారాల్సింది లెక్క వేసే పిల్లవాడా, ఆ జవాబు వచ్చేట్టు చేసిన లోకమా?

ఇప్పుడు మన కాలేజీలకు రండి. మొదటి వారంలోనే “నీ ర్యాంకు ఎంత, ఏ కేటగిరీ?” అని అందరి ముందు అడుగుతారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పిల్లల్ని క్లాసులో లేపి నిలబెడతారు. ప్రభుత్వం కట్టాల్సిన బకాయికి విద్యార్థి సర్టిఫికెట్లు ఆపుతారు. చూశారా, మళ్లీ అదే తాడు! బాకీ ఎవరిది, తల దించుకునేది ఎవరు? రూము కోసం వెళ్తే ఓనరమ్మ కిరాయి చెప్పకముందే “మీరేమిట్లు బాబూ?” అంటుంది. ఇవన్నీ ఆ ప్రయోగంలోని ప్రకటనలే. అక్కడ ఒక్కసారి చదివారు. ఇక్కడ నాలుగేళ్లు చదువుతారు. ఆ తర్వాత గొంతు ఎందుకు పెగలడం లేదని పిల్లవాణ్నే అడుగుతారు.

2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు దూరమైనప్పుడు కూడా అతని మనసు ఎంత బలహీనమో వెతికినవాళ్లు ఉన్నారు. హాస్టల్ నుంచి వెలివేసిన సంస్థ మనసును ఎవరు పరీక్షించారు?

సంస్థ భయాన్ని తయారుచేయగలిగితే ధైర్యాన్నీ తయారుచేయగలదు. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. వాళ్ల వ్యక్తిగత పట్టుదల గొప్పదే. కానీ నువ్వు ఎవరికీ తక్కువ కాదని రోజూ చెప్పే బడి, కడుపునిండా అన్నం, శిక్షణ, వెంట నిలబడిన టీచర్లు లేకపోతే ఆ పట్టుదల పొలం గట్టు మీదే ఆగిపోయేది.

మన ఇంటివైపు కూడా చూసుకోవాలి. మెట్ల కుల వ్యవస్థలో పైమెట్టు మనల్ని తొక్కుతుంది, కిందిమెట్టును మనం తొక్కుతాం. మాల మాదిగల మధ్య, మాదిగకూ డక్కలికీ మధ్య పొత్తు ఎట్లా ఉంది? మీటింగులో సమానత్వం మాట్లాడి ఇంటికొచ్చి చెల్లె చేత ప్లేటు కడిగించే తమ్ముడి మనసును తయారుచేసింది ఎవరు? అది కూడా నేర్చుకున్నదే. నేర్చుకున్నదాన్ని మరిచిపోవచ్చు, కాకపోతే ఒంటరిగా కాదు.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. 2012 యూజీసీ సమానత్వ నిబంధనలు ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల సెల్, వివక్ష నిరోధక అధికారి ఉండాలన్నాయి. వాటి అమలు కోసం రాధికా వేముల, ఆబేదా తడ్వీ అనే ఇద్దరు తల్లులు 2019లో సుప్రీంకోర్టు మెట్లెక్కారు. మీ కాలేజీలో ఆ అధికారి పేరేమిటో ఆఫీసులో అడగండి. నోటిమాటగా వద్దు, కాగితం మీద. ఒక్కరుగా వద్దు, పదిమంది కలిసి.

అడిగేటప్పుడు మీ గొంతు వణకొచ్చు. వణకనివ్వండి. జవాబు చెప్పుకోవాల్సిన బాధ్యత అవతలి కుర్చీది. ఆ సంగతి కాగితం మీదికి వచ్చిన రోజున, పక్కన ఇంకో తొమ్మిదిమంది నిలబడిన రోజున, గొంతు ఎట్లా మారుతుందో మీరే చూస్తారు.

వచ్చే భాగంలో బడి గురించి, ముఖ్యంగా హాస్టల్ పిల్లల భాష గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్!