పిల్లల టీమును పిల్లలకే వదిలేద్దాం

మొన్న సంక్రాంతి సంబరాల్లో భోజనాల వరుసలో నిలబడి ఉండగా విన్న మాటలతో మొదలుపెడతాను. నా ముందు ముగ్గురు నాన్నలు పులిహోర ప్లేట్లు పట్టుకుని తీవ్రంగా చర్చించుకుంటున్నారు. "ఈ వారం 3-4-3 ఒక్కటే కరెక్టండీ" అన్నారొకరు. "మావాడి టీములో ఒక డిఫెండర్ని తీసి పక్కన కూర్చోబెట్టేశాను, నిన్న రాత్రే మార్చేశా" అన్నారు ఇంకొకరు. ఆ "మావాడు" హాలు ఆ చివర మిగతా పిల్లలతో పరుగులు తీస్తున్నాడు. తన టీము మారిపోయిన సంగతి వాడికి ఇంకా తెలిసినట్టు లేదు. నాకు నవ్వొచ్చింది గాని, నవ్వే అర్హత నాకు లేదు. ఎందుకో తరవాత చెబుతాను.

తెలియని వారి కోసం నాలుగు ముక్కలు. ఇది ఫ్యాంటసీ ప్రీమియర్ లీగ్ అనే ఇంటర్నెట్ ఆట. 2002లో మొదలైంది, ఇప్పుడు ప్రపంచమంతటా కోటి మందికి పైగా ఆడుతున్నారు. చేతిలో 10 కోట్ల పౌండ్ల ఉత్తుత్తి డబ్బు పెడతారు. దానితో 15 మందిని కొనుక్కోవాలి: ఇద్దరు గోల్‌కీపర్లు, అయిదుగురు డిఫెండర్లు, అయిదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డులు. ఒకే క్లబ్బు నుంచి ముగ్గురికి మించకూడదు. వారం వారం ఆ 15 మందిలో 11 మందిని దింపాలి. మైదానంలో నిజంగా వాళ్లు ఆడినదాన్ని బట్టి మనకు పాయింట్లు. కనీసం ముగ్గురు డిఫెండర్లు, ఒక ఫార్వర్డు ఉంటే చాలు, మిగతా అమరిక మన ఇష్టం. దాన్నే ఫార్మేషన్ అంటారు. మొదటి మ్యాచికి 90 నిమిషాల ముందు తలుపులు మూసేస్తారు. మన సంఘం పిల్లలకు అందులోనే ఒక చిన్న లీగు ఉంది. పేరుకి పిల్లలది. శుక్రవారం రాత్రి ఎవరి వేళ్లు ఫోను మీద ఉంటాయో మనకందరికీ తెలుసు.

మన పెద్దలకు 3-4-3 అంటే ఎందుకంత మోజు? ఫార్వర్డులే గోళ్లు కొడతారు, గోళ్లు కొడితేనే పాయింట్లు అని. కాని ఈ ఆట లెక్క వేరు. ఫార్వర్డు గోల్ కొడితే 4, మిడ్‌ఫీల్డర్ కొడితే 5, డిఫెండర్ కొడితే 6. పైగా జట్టు గోల్ ఇవ్వకపోతే డిఫెండర్‌కి ఇంకో 4, మిడ్‌ఫీల్డర్‌కి 1, ఫార్వర్డ్‌కి సున్న. 2025-26 సీజన్ నుంచి, బంతిని అడ్డుకోవడం, లాక్కోవడం, దూరంగా తన్నేయడం వంటివన్నీ కలిపి పది చేసిన డిఫెండర్‌కి మరో 2 ఇస్తున్నారు. మహమ్మద్ సలా లివర్‌పూల్‌కి ఆడింది గోళ్లు కొట్టడానికేనని చిన్నపిల్లాడైనా చెబుతాడు. 2017-18లో లీగులో 32 గోళ్లు కొట్టాడు. అయినా ఆ ఏడాది ఈ ఆటలో అతను మిడ్‌ఫీల్డరే! కాబట్టి ఒక్కో గోలుకి 5.

నాకు మరీ ఇష్టమైన ఉదాహరణ ఇంకొకటుంది. 2016 సెప్టెంబరులో చెల్సీ జట్టు ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడింది. కోచ్ ఆంటోనియో కాంటే ఆ మ్యాచి మధ్యలోనే ముగ్గురు డిఫెండర్ల పద్ధతికి మారాడు. ఆ తరవాత లీగులో వరసగా 13 మ్యాచులు గెలిచారు, ఆ సీజన్ టైటిల్ కూడా వాళ్లదే. మన ఆటకు దానితో ఏమి సంబంధమంటే, ఎడమ పక్కన ఆడే మార్కోస్ అలోన్సో ఫ్యాంటసీ జాబితాలో డిఫెండర్. కొత్త అమరికలో అతనికి ముందుకు పరుగెత్తే స్వేచ్ఛ దొరికింది. ఆ సీజన్‌లో 6 గోళ్లు కొట్టాడు, ఒక్కొక్క దానికి 6 పాయింట్లు. అంటే కాగితం మీద మన ఫార్మేషన్ కన్నా, ఎంచుకున్న మనిషి అసలు మైదానంలో ఎక్కడ నిలబడుతున్నాడన్నది ముఖ్యం. ఇది మ్యాచులు చూసేవాళ్లకే తెలుస్తుంది. మా ఇంట్లో మ్యాచులు చూసేది మా అమ్మాయి. నేను చూసేది ఎక్సెల్ షీటు.

ఇక నా సంగతి. 2025 నవంబరులో ఒక వారం మా అమ్మాయి 4-4-2 పెట్టుకుంది. నా లెక్కల ప్రకారం అది తప్పు. రాత్రి అది పడుకున్నాక లాగిన్ అయి (పాస్‌వర్డ్ పెట్టింది నేనే కదా), నాలుగో డిఫెండర్ని బెంచి మీద ఆఖరున కూర్చోబెట్టి మూడో ఫార్వర్డుని దింపాను. ఆ ఫార్వర్డు చివర్లో 20 నిమిషాలు ఆడి 1 పాయింటు తెచ్చాడు. బెంచి మీది డిఫెండర్ గోల్ కొట్టాడు, అతని జట్టు గోల్ ఇవ్వలేదు. 6, 4, ఆడినందుకు 2. మొత్తం 12 పాయింట్లు వృథా.

పోయిన పాయింట్ల గురించి గొడవ చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. "ఓడిపోతే నేను ఓడిపోవాలి గదా నాన్నా" అంది, అంతే. తరవాత ఆ ఆట తెరవలేదు. నేను బుద్ధి తెచ్చుకోవాల్సింది పోయి, "టీము పాడైపోతుంది గదా" అని నేనే నడిపాను. బాగానే నడిపాను కూడా! సంక్రాంతి నాటికి రెండో స్థానం. వేదిక మీద పేరు పిలిచారు. వెళ్లి కప్పు పుచ్చుకుంది, ఫొటో దిగింది, తిన్నగా వచ్చి నా కుర్చీ ముందు పెట్టి, "ఇది నీది" అంది. పక్కన కూర్చున్న మిత్రులు చప్పట్లు కొట్టారు. తండ్రి మీద ప్రేమతో ఇచ్చిందనుకున్నారు.

దాన్ని మళ్లీ ఆటలోకి దింపింది నేను కాదు, సికింద్రాబాదులో ఉన్న వాళ్ల తాతయ్య. ఆయన ఫతే మైదాన్‌లో ఫుట్‌బాల్ చూస్తూ పెరిగిన మనిషి. ఫోనులో మనవరాలికి రహీం సాబ్ కథ చెప్పారు. హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టు కోచ్ అయి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి చేర్చారు. జకార్తాలో జర్నైల్ సింగ్ అనే డిఫెండర్‌కి తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకో కోచ్ అయితే ఇంటికి పంపేవాడు. రహీం సాబ్ అతన్ని ఫార్వర్డుగా ఆడించారు. సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాతో ఫైనల్లో కూడా కొట్టాడు. మనవాళ్లు 2-1తో గెలిచారు. "తప్పయి ఉంటే ఎవర్ని తిట్టేవాళ్లు తాతయ్యా?" అని అడిగిందట. "రహీం సాబ్‌నే" అన్నారట ఆయన.

ఆ రాత్రే నన్ను లేపి మరీ పాస్‌వర్డ్ మార్చుకుంది. మరుసటి వారం 5-4-1 పెట్టింది. అయిదుగురు డిఫెండర్లు! ఆ వారం ముగ్గురి జట్లు గోళ్లు ఇచ్చేశాయి, పాయింట్లు అంతంత మాత్రం. నేను నోరు విప్పలేదు. ఎంత కష్టపడి విప్పలేదో మా ఆవిడకు తెలుసు.

"పిల్లలకు సాయం చేస్తే తప్పేమిటండీ, ఆ వంకతోనైనా మనతో నాలుగు మాటలు మాట్లాడతారు" అని ఒక మిత్రులు అడిగారు. మాట్లాడండి, వాదించండి, పాయింట్ల లెక్కలు చూపించండి. మా ఇంట్లోనూ ఇప్పుడు అదే జరుగుతోంది, బాగుంది కూడా. కాని ఆఖరి బటను ఎవరు నొక్కుతారన్నదే నా పేచీ. ట్యూషన్లు, సంగీతం క్లాసులు, కూచిపూడి, పదకొండో ఏట గ్రామర్ స్కూలు పరీక్ష, ఇవన్నీ మనమే ఎంచి పెట్టాం. పొరపాటు చేసినా ఏమీ మునిగిపోని చోటు వాళ్లకు ఈ ఆటలో ఒకటి దొరికింది. అక్కడ కూడా మనమేనా?

కార్యవర్గానికి నా విన్నపం ఇది. వచ్చే సీజన్‌కి పిల్లల లీగులో పాస్‌వర్డులు పిల్లల దగ్గరే ఉండాలి. నాన్నలకు, ఉత్సాహం ఉన్న అమ్మలకు వేరే లీగు పెట్టండి. అందులో మనం 3-4-3 పెట్టుకుని కొట్టుకు చద్దాం. ఈ ఏడు సగం సీజన్ రెండో బహుమతి న్యాయంగా మూడో స్థానంలో ఉన్న అబ్బాయికి చెందాలి. కప్పు ఉగాది రోజున తెచ్చి ఇస్తాను.

జనవరి నుంచి నాకు సొంత టీము ఒకటి ఉంది. ఆ రోజు నుంచి లెక్క వేస్తే మా అమ్మాయి నాకన్నా 41 పాయింట్లు ముందుంది. నిన్న మళ్లీ అయిదుగురు డిఫెండర్లని పెట్టింది. ఎందుకమ్మా అంటే, "డెడ్‌లైన్ అయ్యాక చెబుతాను నాన్నా" అంది.