సోమరి అనకండి

ఖానాపురం హవేలి పరిసరాలలో గృహదర్శనాలకు వెళ్లినప్పుడు, "కాన్పు అయినప్పటినుండి మా కోడలు పనికి లేవదు అయ్యగారూ" అనే మాట వింటుంటాను.

కాన్పులో విపరీతముగా రక్తము పోయి, పాలు పడక, ముట్టు తిరిగి రాక, ఏండ్ల తరబడి నీరసముంటే అది సోమరితనము కాకపోవచ్చును. మెదడు క్రింద బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని ఉండవచ్చును. 1937లో షీహాన్ అను వైద్యుడు దీనిని వివరించెను.

ఈ గ్రంథినుండి వచ్చే గ్రోత్ హార్మోను తగ్గితే పెద్దవారిలో కండ తగ్గి, పొట్టలో కొవ్వు, రక్తములో కొలెస్ట్రాలు పెరుగును. సూదిమందుగా ఇస్తే కొవ్వు తగ్గి కండ పెరుగును. చక్కెర పెరగవచ్చును గనుక పరీక్షలు అవసరము. అది ఖరీదైనదే. అయితే ముందుగా ప్రాణము నిలిపే స్టెరాయిడ్, ఆ తరువాత వాడే థైరాయిడ్ మాత్రలు చవుక. ఈ వరుస తప్పితే ప్రమాదము.

కావున ఆమెను ఖమ్మం పెద్దాసుపత్రికి తీసికొని వెళ్లి, ఆ కాన్పు సంగతి డాక్టరుగారికి మొదటే చెప్పండి.