మన యాపచెట్టును ఎవరు గీయాలి?



మన ఊరి పేరులోనే ఒక బొమ్మ ఉంది. యాపచెట్లు, దిన్నె. మరి ఆ బొమ్మను మన పిల్లలతో ఎప్పుడైనా కాగితం మీద గీయించామా? "బొమ్మలు బువ్వ పెడతాయా" అని రంగులు లాగేసుకున్నది మనమే కదా!

ఫ్రాన్సులో కమీల్ పిస్సారో అనే చిత్రకారుడు ఉండేవాడు. 1874 నుంచి 1886 దాకా ఇంప్రెషనిస్టులు ఎనిమిది ప్రదర్శనలు పెడితే, అన్నింటిలోనూ బొమ్మలు పెట్టింది ఆయనొక్కడే. ఏం గీశాడు? కూరగాయల తోటలు, పల్లె బాటలు, ఆపిల్ పండ్లు ఏరే ఆడవాళ్లు. రేకుల మీద గీసి అచ్చులూ తీశాడు.

అంత దూరం ఎందుకంటారా? మన పక్క తెలంగాణలో, మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టారు లక్ష్మాగౌడ్ గారు. ఆయన ఇంప్రెషనిస్టు కాదు, ఆయన దారి వేరు. హైదరాబాదులో బొమ్మలు, బరోడాలో అచ్చు పని నేర్చుకున్నారు. రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచితే గీత పడినచోట లోహం కరుగుతుంది. ఆ గాట్లలో సిరా నింపి, కాగితం పెట్టి ఒత్తితే బొమ్మ దిగుతుంది. అలా ఆయన దింపింది మనకు తెలిసిన లోకమే: మేకలు, చెట్లు, పల్లె జనం. 2016లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇక మన సంగతి. పండగ పండక్కీ ఫ్లెక్సీలు కట్టిస్తాం. అన్నింటిలో మన మొహాలే. వారం తిరిగేసరికి అవి గడ్డివాముల మీద కప్పే పట్టాలవుతాయి. ఈసారి కొన్ని ఫ్లెక్సీలు తగ్గించి, ఆ డబ్బుతో బడిపిల్లలకు డ్రాయింగ్ పుస్తకాలు, రంగులు కొందాం. పేరు కనపడకపోతే చందా ఎవరిస్తారని కొందరు అడగొచ్చు. న్యాయమైన మాటే. పుస్తకం అట్ట మీద దాత పేరు వేయిద్దాం. ఫ్లెక్సీ కన్నా ఎక్కువ రోజులు ఉంటుంది.

మన పిల్లలకు బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. ఏదో ఒకదాంట్లో తడబడి నోరు విప్పని పిల్లలు మనకు తెలుసు. బొమ్మకు ఆ బెరుకు లేదు. పైగా మట్టి మిద్దెలు ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. ఫోన్లో తీసిన ఫోటో ఫోనుతోనే పోతుంది. ఒక మిద్దెను కూర్చుని గీసిన పిల్లవాడికి దాని ప్రతి దూలమూ గుర్తుంటుంది.

వచ్చే మీటింగులో ఈ మాట పెడుతున్నాం. ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తండి. కాదనేవాళ్లు కారణం చెప్పండి, వింటాం.