పిల్లదానికేం గుర్తుంటుంది?

ధనుర్మాసం వచ్చేసింది. వాకిట్లో ముగ్గులు పెద్దవవుతున్నాయి. కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతోంది. పెరుగు తోడుకోవడానికి మొరాయిస్తోంది. వీటితోపాటు ప్రతి ఇంట్లోనూ ఇంకో ముచ్చట మొదలవుతుంది. సెలవుల్లో ఎక్కడికెళదాం? బడికెళ్ళే పిల్లలుంటే వాళ్ళే తేల్చేస్తారు. ఇంట్లో మూడేళ్ళదో నాలుగేళ్ళదో ఉంటే మాత్రం ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు: "అంత చిన్నదాన్ని చంకనేసుకుని తిరగడం దేనికి? డబ్బు దండగ. పిల్లదానికేం గుర్తుంటుంది?"

మీరూ విన్నారు కదూ? మా ఇంట్లో అత్తయ్యగారు అంటారు. మీ ఇంట్లో మామగారు అంటారేమో, లేకపోతే శ్రీవారే అంటారేమో. అన్నవాళ్ళకి దురుద్దేశం ఏమీ ఉండదు. అయితే ఈ ఒక్క మాటతో ఎంతమంది తల్లులు ఏళ్ళ తరబడి ఇల్లు కదలకుండా ఉండిపోతున్నారో ఆలోచించండి. పిల్ల కాస్త పెద్దదయ్యాక వెళదాం అనుకుంటాం. పెద్దదయ్యేసరికి హోంవర్కులు, ట్యూషన్లు, పరీక్షలు వచ్చిపడతాయి. ఆగిపోయేది పిల్ల షికారు ఒక్కటేనా? మనది కూడా. అందుకే ఈ వారం ఆ ప్రశ్నకి జవాబు వెతుకుదాం.

ఆ మాటలో నిజమెంత?

కొంత నిజం ఉంది. మీకు మీ రెండో ఏట జరిగిన సంగతి ఏదైనా గుర్తుందేమో చూడండి. ఉండదు. పెద్దవాళ్ళలో చాలామందికి మొట్టమొదటి జ్ఞాపకం మూడు, మూడున్నర ఏళ్ళ వయసుదే. అంతకు ముందువి చెరిగిపోతాయి.

కానీ చూడండి, మూడేళ్ళ పిల్ల పోయిన నెలలో అమ్మమ్మగారింట్లో దూడ నాకిన సంగతి చక్కగా చెబుతుంది. అంటే గుర్తుపెట్టుకునే శక్తి దానికి లేకపోలేదు. ఆ గుర్తు నిలవడమే కష్టం. ఏ ఇంట్లో అయితే తల్లులు జరిగిన సంగతుల్ని పిల్లలతో కూర్చుని వివరంగా ముచ్చటిస్తారో, ఆ పిల్లలు జరిగినవాటిని మరింత బాగా, మరింత వివరంగా చెప్పగలుగుతున్నారని మనస్తత్వ శాస్త్రజ్ఞులు గమనించారు. పాలు కాచినంత మాత్రాన పెరుగవుతుందా? తోడు వెయ్యాలి కదా! షికారు కూడా అంతే. తిప్పి తీసుకొచ్చి ఊరుకుంటే పాలు పాలలాగే ఉండి విరిగిపోతాయి. రాత్రి పక్క మీద చెప్పుకునే నాలుగు కబుర్లే దానికి తోడు.

బోడి పాసింజరులో బోలెడు సంబరం

మేముండేది విశాఖపట్నంలో. పోయిన చలికాలం మా బుజ్జికి నాలుగో ఏడు నడుస్తుండగా అరకు వెళ్ళాం. పొద్దున్నే బయల్దేరే కిరండూల్ పాసింజరు ఎక్కాం. ఈ దారిలో 2017 నుంచి పెద్ద పెద్ద అద్దాలున్న విస్టాడోమ్ పెట్టె కూడా నడుస్తోంది. టికెట్టు ఖరీదు చూసి మేం మామూలు పెట్టెలోనే కిటికీ పక్కన సర్దుకున్నాం.

బొడ్డవర దాటాక రైలు కొండెక్కడం మొదలుపెడుతుంది. ఇక అక్కణ్ణించి ఒకదాని తర్వాత ఒకటి సొరంగాలు. మొదటి సొరంగం రాగానే బుజ్జి నా కొంగులో దూరింది. పెట్టెలో కుర్రకారంతా "ఓ..." అని అరిచారు. రెండోసారి కొంగులోంచి ఒక కన్ను తీసి చూసింది. మూడోసారి అందరికన్నా అదే గట్టిగా అరిచింది. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజి మీద అన్నిటికన్నా ఎత్తయిన స్టేషను అదేనట. మా వారు ఆ సంగతి ఎంతో గొప్పగా చెబుతుంటే, బుజ్జి మాత్రం "నాన్నా, మళ్ళీ చీకటి ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. అరకులో పసుపు ఆరబోసినట్టున్న వలిసె పూల చేలు చూసి నేను మైమరచిపోయాను. అది చేను గట్టు మీద కూర్చుని చెప్పులో దూరిన రాళ్ళు ఏరుకుంది.

ఇంటికొచ్చాక పదిరోజుల దాకా మా ఇంట్లో దుప్పటి సొరంగం, దిండు రైలు. అన్నం తినిపించాలంటే ముద్ద కూడా "కూ" అంటూ నోట్లోకి వెళ్ళాల్సిందే. పైసా ఖర్చు లేకుండా అరకు మా ఇంటికే వచ్చి కూర్చుంది!

మర్నాడు బొర్రా గుహలకి వెళ్ళాం. వాననీరు సున్నపురాయిని కరిగించుకుంటూ దిగి, ఒక్కొక్క బొట్టుగా కారి కట్టిన రాతి స్తంభాలు అవి. అంగుళం పెరగడానికే వందల ఏళ్ళు పడుతుందంటారు. లోపల మెట్లెక్కువ, చెమ్మ, చీకటి. బుజ్జి గుమ్మం దగ్గరే చేతులు చాచి ఎత్తుకోమంది. బలవంతం చెయ్యలేదు. మా వారు దాన్ని పట్టుకుని బయట కూర్చున్నారు, నేను లోపలికి వెళ్ళొచ్చాను. తర్వాత ఆయన వెళ్ళారు. అరగంటసేపు ఎవరూ నన్ను "అమ్మా" అని గానీ "ఏమేవ్" అని గానీ పిలవకుండా, ఆ నీటిబొట్ల చప్పుడు వింటూ ఒక్కదాన్నే నడిచాను. పెళ్ళయ్యాక అలా నడవడం అదే మొదటిసారి. అందరూ కలిసే చూడాలన్న పట్టుదల వదిలేస్తే ఇలాంటి లాభాలు కూడా ఉంటాయండోయ్!

పులి ముందు చీమల బారు

ప్రతిసారీ ఊరు దాటక్కర్లేదు. మా ఊళ్ళో జంతు ప్రదర్శనశాల ఉంది. 1977 నుంచీ ఉన్నది, కొండల మధ్య 625 ఎకరాల్లో. అక్కడ పులి ముందు నిలబెడితే మా బుజ్జి కిందకి వంగి చీమల బారు చూస్తూ కూర్చుంది. ఆయన "అటు చూడవే, అటు!" అంటారు. అది "ఇటు చూడు నాన్నా, బిస్కట్టు మోసుకెళుతున్నాయి" అంటుంది. మూడేళ్ళ కన్ను చూసేది ఆ ఎత్తులోనే మరి. దాని సరదా దానిది. పది నిమిషాలు ఆగితే మన సొమ్మేం పోతుంది? ఆ రాత్రి అత్తయ్యగారు "పులిని చూశావుటే?" అంటే, చీమ ఇల్లు ఎక్కడుందో, దాని అమ్మ ఏం చేస్తోందో చెప్పి ఆవిణ్ణి నవ్వించింది.

బీచి రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది కదా! 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించుకుని, 2002 నుంచి మ్యూజియంగా మారింది. లోపల ఇరుకు గుమ్మాల్లోంచి పెద్దవాళ్ళం నడుములు వంచి అవస్థపడుతుంటే బుజ్జి చిట్టెలుకలా దూరిపోయింది. బయటికొచ్చి అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? "నీళ్ళ కింద ఉంటే వాళ్ళ అమ్మకి ఫోనెలా చేస్తారు?" నా దగ్గర జవాబు లేదు. నెలల తరబడి సముద్రం మీద ఉండే బిడ్డల తల్లులు మన ఊళ్ళో ఎంతమందో అని మాత్రం అనిపించింది. అన్నట్టు, జూకి, కురుసురకి సోమవారం సెలవు. వెళ్ళేముందు చూసుకోండి. మా బీచిలో అలలు కాళ్ళ కింద ఇసుకని లాగేస్తాయి. పిల్ల చెయ్యి ఒక్క క్షణం కూడా వదలకండి, నీళ్ళలోకి దిగనివ్వకండి.

మనకీ సెలవే కదా!

షికారంటే వంటిల్లు నెత్తిన పెట్టుకుని ఊరు మారడమేనా? తెల్లవారుజామున మూడింటికి లేచి నాలుగు రకాలు వండి, అక్కడ అందరికీ వడ్డించి, ఇంటికొచ్చి గిన్నెలు తోముకుంటే అది మనకి సెలవెలా అవుతుంది? కాబట్టి ముందే మాట్లాడుకోండి. పిల్ల సంచీ, మంచినీళ్ళు, టికెట్లు శ్రీవారివి. తిండి మనది. అదీ రెండే రకాలు.

నెయ్యి, కారప్పొడి పట్టించిన ఇడ్లీలు పెద్దవాళ్ళకి. పిల్లకి వట్టి నెయ్యి చాలు. మధ్యాహ్నానికి దద్దోజనం. అన్నం మెత్తగా వండి, గోరువెచ్చని పాలు పోసి కలిపి, రెండు చెంచాల పెరుగు తోడువేసి డబ్బాలో సర్దండి. తినేవేళకి కమ్మగా తోడుకుంటుంది, పులవదు. చలికాలం కనుక తోడు ఒక చెంచా ఎక్కువ వేసినా ఫరవాలేదు. చిరుతిండికి సున్నుండలు. గ్లాసు మినప్పప్పు దోరగా వేయించి పొడి చేసి, ముప్పావు గ్లాసు బెల్లం తురుము కలిపి, కరిగించిన నెయ్యితో ఉండలు కట్టుకోవడమే. వేరుశనగ గుళ్ళు, శనగలు లాంటివి చిన్నపిల్లలకి నడుస్తున్న బండిలో పెట్టకండి. గొంతుకడ్డం పడే ప్రమాదం ఉంది.

మరికొన్ని చిన్న సంగతులు. రోజుకి ఒక్క చోటే పెట్టుకోండి. మధ్యాహ్నం నిద్రవేళకి ఎక్కడో ఒకచోట నీడపట్టున ఉండండి. నిద్ర చెడితే ఆ రోజంతా చెడినట్టే. ఒక్క మందపాటి స్వెట్టరుకన్నా లోపల నూలు చొక్కా, పైన పల్చటి స్వెట్టరు, టోపీ, మేజోళ్ళు నయం. ఎండెక్కే కొద్దీ ఒక్కొక్కటే తీసెయ్యొచ్చు. ఘాట్‌రోడ్డు మీద కారులో వెళ్ళేటట్టయితే బయల్దేరే ముందు కడుపునిండా పాలు పట్టకండి. జనం ఉన్నచోట పిల్ల జేబులో మీ ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉన్నదన్న సంగతి మీకూ గుర్తుండాలి.

పక్క మీద కబుర్లు

ఇంటికొచ్చాక అసలు పని మొదలవుతుంది. కంగారుపడకండి, ఇది పడుకుని చేసే పనే! దీపం ఆర్పాక పిల్లని పక్కలో వేసుకుని ఆ రోజు సంగతులు ఎత్తండి. "ఇవాళ ఏం చూశావమ్మా?" అని పరీక్షలో అడిగినట్టు అడిగితే "ఏం లేదు" అంటుంది. కొస అందివ్వాలి. "రైలు చీకట్లోకి వెళ్ళింది కదా, అప్పుడు నువ్వేం చేశావు?" అనండి. ఇక ఆగకుండా చెబుతుంది. మధ్యలో లేని ఏనుగు కూడా వస్తే రానివ్వండి, వెంటనే తప్పు పట్టకండి. మీకు నచ్చిన పూల తోట గురించి కాక దానికి నచ్చిన చీమల గురించి అడగండి. నాలుగు రోజులు పోయాక మళ్ళీ కదపండి. రెండోసారి చెప్పినప్పుడు మాటలు ఇంకా పెరుగుతాయి, గమనించండి.

ఫోనులో ఫొటోలు వందలు వందలు తీస్తాం. తర్వాత చూసేవాళ్ళేరీ? ఏడాదికి పది మంచివి ఎంచి అచ్చు వేయించి ఒక నోటుపుస్తకంలో అంటించండి. పక్కన తేదీ, ఊరు, పిల్ల ఆ రోజు అన్న ఒక్క ముద్దుమాట రాయండి. రైలు టికెట్టు, ఎండిన ఆకు కూడా అందులోనే. మా ఇంట్లో ఆ పుస్తకం ఇప్పుడు అత్తయ్యగారి దిండు కింద ఉంటోంది. రోజూ మధ్యాహ్నం మనవరాలు ఆవిడకి "చదివి" వినిపిస్తోంది మరి!

ఈ ఏడాది భోగిపళ్ళు

ఊళ్ళు తిరగడం కుదరనివాళ్ళకి పండగే ఒక పెద్ద షికారు. మా అత్తవారి ఊరు విజయనగరం దగ్గర పల్లెటూరు. భోగిమంట, గంగిరెద్దు, గుమ్మడిపువ్వు పెట్టిన గొబ్బెమ్మ, తలమీద అక్షయపాత్రతో హరిదాసు, ఇవన్నీ టిక్కెట్టు లేకుండా వాకిట్లోకే వస్తాయి. పిల్ల చేతే దోసెడు బియ్యం హరిదాసుకి పోయించండి, ఎంత మురిసిపోతుందో! భోగిమంట దగ్గరికి మాత్రం నూలు బట్టలే వెయ్యండి. టైర్లు, ప్లాస్టిక్కు అందులో వెయ్యనివ్వకండి. ఆ పొగ చిన్న ఊపిరితిత్తులకి మంచిది కాదు.

సాయంత్రం భోగిపళ్ళు. రేగుపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, నానిన శనగలు, చిల్లర డబ్బులు కలిపి పేరంటాళ్ళంతా తలా గుప్పెడు దిష్టి తీసి తల మీద పోస్తారు. నెమ్మదిగా పొయ్యమనండి. పైసలు, శనగలు నోట్లో పెట్టుకోకుండా ఒకరు పక్కనే కనిపెట్టుకుని ఉండండి. చాలా ఇళ్ళల్లో ఐదేళ్ళ లోపు పిల్లలకే ఈ వేడుక చేస్తారు. లెక్క చూసుకుంటే బుజ్జికి వచ్చే భోగి ఆఖరిదవుతుంది. ఆ తర్వాత అదే వచ్చి, ఇంకెవరి పాపాయి తల మీదో గుప్పెడు పళ్ళు పోస్తుంది.

పిల్లల విషయంలో ఇలాంటి "ఆఖరిసారి"లు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతాయి. చంకనెక్కడం, కొంగులో దాక్కోవడం, ముద్దను రైలనుకోవడం, ఏదీ మళ్ళీ ఏడాదికి అట్టే ఉండదు. దానికి గుర్తుంటుందా లేదా అన్నది సగం ప్రశ్నే. మనకి గుర్తుంటుంది కదా! మనం చెబితే దానికీ ఉంటుంది. కాబట్టి ఈ సెలవులకి దూరమో దగ్గరో ఎక్కడికో ఒకచోటికి బయల్దేరండి. డబ్బు లేకపోతే ఊరి చెరువుగట్టుకైనా సరే. వచ్చాక ఆ రాత్రి దీపం ఆర్పి, పిల్లని దగ్గరికి తీసుకుని, మొదటి మాట మీరందివ్వండి. మిగతాది అది చెబుతుంది.