వెనుదిరిగిన సైకిళ్లు

మా బంధువర్గంలో ఒక మాట ప్రచారంలో ఉన్నది. 2024 సెప్టెంబరులో మా అబ్బాయి, కోడలు, పదమూడేళ్ల మనవరాలు మనాలి నుండి లేహ్‌కు సైకిళ్ల మీద బయలుదేరి, సగం దారిలో బెదిరిపోయి తిరిగివచ్చారని ఆ మాట. పెళ్లిపందిళ్లలోనూ, కర్మల భోజనాల దగ్గర కూడా చెప్పుకొని నవ్వుకుంటున్నారు. నవ్వుతున్నవారెవరు? ఆ ముగ్గురూ బయలుదేరక మునుపు మా ఇంటికి రాయబారం వచ్చి, "పసిదాన్ని చంపడానికి తీసుకుపోతున్నారు, పెద్దవారు, మీరైనా ఆపండి" అన్నవారే. వెళ్లేటప్పుడు హంతకులు, వచ్చాక పిరికివారు! ముప్పైమూడేళ్లు పిల్లలకు వ్యాకరణం చెప్పిన నాకు ఈ రెండు వాక్యాలకూ అన్వయం కుదరడం లేదు. అందుకే ఈ టపా.

మిత్రులారా, ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. మొదట నేనూ వాళ్ల పక్షమే. ఫోనులో "నీకేమైనా మతి చలించిందా?" అని అరిచాను. వాడు వాదించలేదు. ఏ రాత్రి ఎక్కడ, ఎంత ఎత్తున పడుకుంటారో వ్రాసిన కాగితం ఒకటి పంపాడు. దాన్ని పరీక్షపత్రం దిద్దినట్లు ఎర్రకలం పట్టుకొని చదివాను. మూడువేల మీటర్లు దాటాక, పడుకొనే చోటు ఎత్తు రోజుకు ఐదువందల మీటర్లకు మించి పెరగరాదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఆగి విశ్రమించాలనీ వైద్యులు చెప్పే సూత్రం. మనాలి 2,050 మీటర్లు. అక్కడి నుండి తిన్నగా 3,360 మీటర్ల మర్హీకి ఎక్కి పడుకోవడం దగ్గర ఎర్రసున్న చుట్టి పంపాను. మనాలిలో రెండు రోజుల మకాం మూడు రోజులైంది. ఆపైన 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమ దాటి లాహుల్ లోయలోకి దిగడం, కేలాంగ్‌లో ఒక రోజు విశ్రాంతి, తరువాత జిస్పా, దార్చా, పట్సియో, జింగ్‌జింగ్ బార్. కార్లలో పోయేవారు ఒక్క పూటలో దాటేసే దారిని వీళ్లు నాలుగు మకాములుగా విరిచారు. కాగితం అడుగున ఒకే షరతు: ఎవరికి తలనొప్పి వచ్చినా ఆ రోజు ముందుకు లేదు, తగ్గకుంటే ముగ్గురూ కిందికే. ఆ షరతు చూశాకే నా నోరు మూతపడింది.

మా బావమరిది నోరు మాత్రం మూతపడలేదు. "అంత ఎత్తున పిల్లలకు గాలి చాలదు బావా" అన్నాడు. నిజమే. ఐదువేల మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో సగానికి కాస్త పైన మాత్రమే. కాని అది పిల్లలకూ అంతే, పెద్దలకూ అంతే, సైకిలు తొక్కేవానికీ కారులో కూర్చున్నవానికీ అంతే. చంటిపిల్లలైతే తమ బాధ తాము చెప్పుకోలేరు గనుక వారి విషయంలో భయపడవలసిందే. పదమూడేళ్ల పిల్ల "తాతయ్యా, తల నొస్తోంది" అని నాకు ఇక్కడికే ఫోను చేసి చెప్పగలదు.

ఈ బావమరిదే 2022లో ఇంటిల్లిపాదినీ విమానంలో లేహ్‌లో దింపాడు. లేహ్ ఎత్తు 3,500 మీటర్లు. మూడవ రోజున కారెక్కించి ఖర్‌దుంగ్ లా మీదికి, అంటే 5,359 మీటర్లకు, తీసుకుపోయాడు. చిన్నవాడు వెనుకసీటులో తోవ పొడుగునా నిద్రపోయాడట. అది నిద్రా, కొండజబ్బు మగతా అని ఎవరైనా తట్టి చూశారా? చూడలేదు. పైకి చేరగానే ఫలకం దగ్గర ఫోటో తీసుకున్నారు. ఆ ఫలకం మీద చాలాకాలం 18,380 అడుగులని ఉండేది. కొలిస్తే వచ్చినది 17,582. ఆ ఎనిమిదివందల అడుగుల అతిశయోక్తి మా బావమరిది మాటలలో ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

మెల్లగా పోవడమే సైకిలులోని రక్షణ అని నేను గ్రహించడానికి చాలా రోజులు పట్టింది. ఎక్కుడుదారిలో గంటకు ఐదారు కిలోమీటర్లు. కొండ ఎంత ఎత్తు పెంచితే ఒళ్లు అంత సర్దుకుంటుంది, సర్దుకోనప్పుడు కాళ్లే మొరాయిస్తాయి. కారుకు కాళ్లు లేవు కదా, మొరాయించడానికి!

ఇక చదువు పోతుందన్నారు. పదహారు రోజులు బడి మానిపించడం నేరమట. హాజరుపట్టీ దశాబ్దాల తరబడి పట్టుకున్నవాణ్ణి, హాజరు విలువ నాకు ఒకరు చెప్పనక్కరలేదు. కాని ఈ మాట అన్న మేనల్లుడు తన కొడుకును ఏడవ తరగతిలోనే కోచింగు హాస్టలులో పడవేశాడు. తెల్లవారుజామున లేపుతారు, రాత్రి పది దాకా కూర్చోబెడతారు, కిటికీలకు ఇనుపచట్రాలు. నెలకొక ఆదివారం వెళ్లి చూసివస్తారు. ఆ పిల్లవాడు ఇంటికి వచ్చినప్పుడు తెలుగులో నాలుగు పంక్తులు వ్రాయమంటే చెయ్యి వణికింది. వాడి తండ్రి వచ్చి నా కొడుకును క్రూరుడంటే నేను వినాలా? తల్లిదండ్రులతో కలిసి పదహారు రోజులు రాత్రింబవళ్లు గడిపిన పిల్లలు వీరి కుటుంబాలలో ఎందరున్నారో లెక్క చెప్పమనండి.

మరొక సంగతి. నా ఉద్యోగకాలంలో చాలా ఏళ్లు నేను సైకిలు పంతులునే. ముందు బారు మీద చిన్న సీటు బిగించి అబ్బాయిని, వెనుక క్యారియరు మీద మా ఇంటావిడను ఎక్కించుకొని శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లిన రోజులున్నాయి. డైనమో దీపం వెలుగులో, లారీలు రాసుకుపోతుండగా, అర్ధరాత్రి తిరిగివచ్చేవాళ్లం. ఈనాటి లెక్కలో అది ఎంత ప్రమాదం! అప్పుడెవరూ నన్ను హంతకుడనలేదు. పేదవాడు కుటుంబాన్ని సైకిలెక్కిస్తే గతిలేక, నాలుగు రాళ్లున్నవాడు ఎక్కిస్తే పిచ్చి. వీళ్ల అభ్యంతరం ప్రమాదం మీద కాదు, హోదా మీద అని నాకు అనుమానం.

వెక్కిరించేవారిలో మరో రకం ఉన్నారు. "గేరు సైకిళ్లే కదా, అదేం గొప్ప" అంటారు. ఈ వెక్కిరింత పాతదే. ఫ్రాన్సులో వెలోసియో అన్న కలంపేరుతో పత్రిక నడిపిన పాల్ ద వివీ (1853–1930) సామాన్యులు కొండలెక్కడానికి గేర్లు కావాలని జీవితమంతా పోరాడాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెం నడిపిన ఆన్రీ దెగ్రాంజ్ గేర్లు నడివయసు దాటినవారికేనని ఎగతాళి చేశాడు. ఆ పందెంలో గొలుసు మార్చే గేర్లను అనుమతించింది 1937లో. పందెం వేరు, ప్రయాణం వేరు. వెలోసియో తోటివారికి బోధించింది ఆకలి వేయకముందే తినమని, అలసిపోకముందే ఆగమని, గొప్పకోసం తొక్కవద్దని. మా కోడలు జేబులో ఎప్పుడూ వేరుశనగ ఉండలు ఉండేవట.

అసలు ఏం జరిగిందో చెబుతాను. రోహ్‌తాంగ్ దిగాక వీళ్లు తాండీ చేరారు. చంద్రా నది, భాగా నది కలిసి చంద్రభాగ అయ్యే చోటు అది. చంద్రభాగ అంటే చీనాబ్. ఋగ్వేదంలో అసిక్ని అన్నది దీనినే. సంగతి నేను ముందే చెప్పిపంపాను గనుక మనవరాలు అక్కడి నుండి భాగా నదిని వదలలేదు. దారి నది పక్కనే ఎక్కుతుంది. ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి వాగులు పొంగుతాయని ప్రతిరోజూ తెల్లవారుతూనే బయలుదేరేవారు. 4,270 మీటర్ల జింగ్‌జింగ్ బార్‌లో రాత్రి పిల్లకు కొద్దిగా తలనొప్పి. మరునాడు కదలలేదు. ఆ మరునాటికి తగ్గింది, తిన్నది, నవ్వింది. బయలుదేరారు. సూరజ్ తాల్ సరస్సు దగ్గరకు చేరేసరికి మళ్లీ తల పోటు, కడుపులో తిప్పు. సరస్సు దాదాపు 4,880 మీటర్ల ఎత్తున ఉన్నది. బారాలాచా కనుమ కూతవేటు దూరం.

"ఇంకొక్క గంట తొక్కితే దాటేవారు కదా" అంటున్నారు నవ్వేవారు. దాటి ఎక్కడికి? అవతల సర్చూ, 4,290 మీటర్లు. దానికి ముందు ఈ కనుమ, వెనుక నకీ లా, ఐదువేల మీటర్లు దాటిన లాచులుంగ్ లా. ఆ తరువాతి మకాం పాంగ్ 4,600. దాని పైన 5,328 మీటర్ల తంగ్‌లంగ్ లా. బారాలాచా దాటాక జబ్బుపడితే, కిందికి దిగాలన్నా ముందు పైకి ఎక్కవలసిందే. అటు చూసినా కనుమే, ఇటు చూసినా కనుమే. వెనుదిరగడానికి ఆ దారిలో ఉన్న కడపటి చోటు ఆ సరస్సు గట్టు. అక్కడ తిరగనివాడు ధీరుడు కాడు, పటం చదవనివాడు.

తిరుగుదామని మొదట అన్నది మనవరాలే. తల్లి సైకిలు తిప్పింది, తండ్రి మారు మాట్లాడలేదు. సాయంత్రానికి దార్చాకు దిగారు. రాత్రికి తలనొప్పి లేదు. పప్పు, అన్నం తిని పన్నెండు గంటలు నిద్రపోయింది.

నా మీద పొగడ్తలు కురిపించేవారితో కూడా నాకు పేచీ ఉన్నది. "మీవాళ్లది గొప్ప సాహసం మాస్టారూ" అంటారు. ధర్మశాస్త్రాలలో సాహసమంటే బలాత్కారంతో చేసే నేరం. మనువు చెప్పిన పద్దెనిమిది వివాదపదాలలో అదొకటి. "కొండను జయించారు" అనేవారూ ఉన్నారు. యాత్రకు, దండయాత్రకు తేడా తెలియని వాడుక ఇది. ఇంకో చిన్న మాట: టిబెటన్ మాటల్లో 'లా' అంటేనే కనుమ. 'బారాలాచా లా పాస్' అని వ్రాసేవారు దయచేసి ఒక కనుమను తగ్గించుకోండి.

సూరజ్ తాల్ నుండే భాగా నది పుడుతుంది. మనవరాలు అక్కడి నీళ్లు ఒక చిన్న సీసాలో పట్టి తెచ్చింది. మా ఇంటావిడ దాన్ని పూజగదిలో కాశీచెంబు పక్కన పెట్టింది. లేహ్‌కు చేరలేదన్న దిగులు ఆ పిల్ల ముఖంలో నాకు కనబడలేదు. నదిని పట్టుకొని దాని పుట్టుక దాకా వెళ్లివచ్చానని బడిలో అందరికీ చెప్పిందట, తేదీలతో సహా.

మళ్లీ వెళతారు. ఈమారు జింగ్‌జింగ్ బార్‌లో రెండు రాత్రులకు బదులు మూడు రాత్రులట. కాగితం నాకు వచ్చింది, ఎర్రకలం తీశాను. బంధువులకు మనవి ఏమంటే, ఈసారి నా దగ్గరకు రాయబారం రావద్దు.