రెసిస్టరును చేత పట్టనివ్వండి

మన హాస్టల్ పిల్లల్లో ఓమ్ నియమం రానివారు లేరు. నిద్రలో లేపి అడిగినా 'వి ఈజ్ ఈక్వల్ టు ఐ ఆర్' అంటారు. కానీ రెసిస్టరును చేత్తో పట్టుకున్నవారెందరు? మేము చదివిన బడిలో అది తాళం వేసిన బీరువాలో ఉండేది. పీజీ ల్యాబులో కూడా తీగ ముట్టుకోవడానికి మా చేతులు జంకాయి. ఇది తెలివి లోపం కాదు, ఆ తాళం చేసిన లోపమని మా అభిప్రాయం.

చిన్న ఉదాహరణ చూద్దాం. బొమ్మల కొలువులో కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించాలి. ఉన్నది 9 వోల్టుల బ్యాటరీ. ఎల్‌ఈడీకి కావలసింది సుమారు 2 వోల్టులు. నేరుగా కలిపితే మాడిపోతుంది. మిగతా 7 వోల్టులు రెసిస్టరు మీద పడాలి. 10 మిల్లీ ఆంపియర్ల కరెంటు చాలనుకుంటే, 7ను 0.01తో భాగిస్తే 700 ఓములు. దానికి దగ్గరగా బజారులో దొరికేది 680. నీలం, బూడిద, గోధుమ రంగు చారలుంటాయి.

ఇప్పుడు ఎర్రది తీసి తెల్ల ఎల్‌ఈడీ పెట్టండి. దానికి సుమారు 3 వోల్టులు కావాలి కాబట్టి అదే రెసిస్టరు మీద ఈసారి 6 వోల్టులే పడతాయి. అంటే రెసిస్టరు తగ్గించే వోల్టులు దాని మీద రాసి ఉండవు, పారే కరెంటును బట్టి మారతాయి. సూత్రంలో ఉన్నదిదే. మీటరు పెట్టి చూస్తే గాని బుర్రకెక్కదు.

తమ్ముడెవరో ఎడ్లబండి బొమ్మకు 3 వోల్టుల మోటారు బిగించి, 9 వోల్టుల అడాప్టరుతో నడుపుతానంటాడు. నడిచేటప్పుడు 200 మిల్లీ ఆంపియర్లు తీసుకునే మోటారైతే లెక్క ప్రకారం 30 ఓములు చాలు. కానీ కదిలే ముందు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడు రెసిస్టరు మీదే ఎక్కువ వోల్టులు పడి, బండి మొరాయించవచ్చు. నడిచినా 1.2 వాట్ల వేడి, పావు వాటు రెసిస్టరు మాడిపోతుంది. అక్కడ ఎల్‌ఎమ్ 317 లాంటి రెగ్యులేటరు వాడాలి. వేడి అదీ పుట్టిస్తుంది గాని, వోల్టేజిని నిలబెడుతుంది.

మన పక్కనే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం 1979 నుంచి నడుస్తోంది. వీధి లైన్లో 11,000 వోల్టులను ఇళ్ళకు 230కి దించేది ట్రాన్స్‌ఫార్మరు. ఆ పని రెసిస్టరుకు అప్పజెబితే నూటికి దాదాపు 98 వంతుల విద్యుత్తు వేడిగా పోతుంది. ఎందుకు అప్పజెప్పరో ఎల్‌ఈడీ వెలిగించిన పిల్లవాడు తానే చెప్పగలడు.

1827లో ఈ నియమాన్ని పుస్తకంగా అచ్చువేసిన ఓమ్, తాళాలు చేసే కార్మికుడి కొడుకు. బడిపంతులుగా పనిచేస్తూ తీగల మీద తానే ప్రయోగాలు చేశాడు. మన పిల్లలకు సూత్రమొక్కటే ఇచ్చి తీగలు దాచిపెట్టడం ఏం న్యాయం?

పూర్వ విద్యార్థులు ఏటా కంచాలో, ఫ్యానులో ఇస్తున్నారు, సంతోషం. ఈసారి ఒక మల్టీమీటరు, నాలుగు బ్యాటరీలు, గుప్పెడు రెసిస్టర్లు, ఎల్‌ఈడీలు ఒక పెట్టెలో పెట్టి ఇవ్వండి. రెసిస్టరు ఒక్కోటి రూపాయో, రెండో. బ్యాటరీతోనే చేయాలి, గోడ ప్లగ్గు జోలికి పోకూడదని మూత మీద పెద్ద అక్షరాలతో రాయండి. పెట్టెకు తాళం మాత్రం వేయకండి.